పోస్టులో వచ్చిన పల్నాటి వజ్రం

1958 నవంబరు 10. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియానికి ఓ పోస్ట్‌మ్యాన్ చిన్న పార్సిల్ తెచ్చి ఇచ్చాడు. పైన మామూలు బ్రౌన్ పేపర్. రిజిస్టర్డ్ పోస్టు. పంపినాయన హ్యారీ విన్‌స్టన్, న్యూయార్క్‌లో పేరుమోసిన నగల వ్యాపారి. తపాలా ఖర్చు రెండున్నర డాలర్ల లోపే. ఇన్సూరెన్సుకి మాత్రం 140 డాలర్లు దాటింది. ఎందుకంటే ఆ కాగితం లోపల ఉన్నది హోప్ డైమండ్. 45.52 క్యారెట్ల ముదురు నీలి వజ్రం. చుట్టూ 16 తెల్ల వజ్రాలు.

ఇప్పుడది అదే మ్యూజియంలో అద్దాల పెట్టెలో మెల్లగా తిరుగుతూ ఉంటుంది. లోకంలోని ప్రతి మూల నుంచీ వచ్చిన జనం దాని ముందు ఫోన్లు పైకెత్తి నిలబడతారు. మన గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు పిల్లలు అమెరికాలో చదువుకుంటూ ఓ వీకెండ్ అక్కడికి వెళ్తారు. సెల్ఫీ తీసుకుంటారు. వాళ్ళలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ రాయి పుట్టిల్లు మన పల్నాడు. అది కొల్లూరు గనిదే అయ్యుంటుందని స్మిత్సోనియన్ వాళ్ళే చెప్తారు.

పాత నగల ప్రపంచంలో ఒక రూలుంది. వస్తువు ఎంత బరువో ఒక లెక్క, దాని వెనక ఎంత కథ ఉందో ఇంకో లెక్క. చాలాసార్లు రెండో లెక్కే పెద్దది. హోప్ డైమండ్ వెనక ఫ్రాన్స్ రాజుల పేర్లున్నాయి, లండన్ షావుకార్ల పేర్లున్నాయి, కార్టియర్ పేరుంది, విన్‌స్టన్ పేరుంది. లేనిదల్లా దాన్ని మట్టిలోంచి తీసిన మనిషి పేరే.

ఏ కొల్లూరు?

కొల్లూరు అనగానే మనవాళ్ళకి తెనాలి పక్కన ఉన్న కొల్లూరు గుర్తొస్తుంది. అది కాదు. ఇది బెల్లంకొండ మండలంలో, కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు. ఇప్పుడు పల్నాడు జిల్లా. ‘ఉన్న’ అనడం కూడా తప్పే. 2013 డిసెంబరులో ప్రారంభించిన పులిచింతల ప్రాజెక్టు ముంపులో ఆ ఊరు మునిగిపోయింది.

పోయినేడాది నేను అటువైపు వెళ్ళినప్పుడు రిజర్వాయర్ అంచున నిలబడి చాలాసేపు నీళ్ళకేసి చూశాను. అక్కడ చూడటానికి ఏమీ లేదు. పక్క చేలో మిరపకాయలు కోస్తున్న పెద్దావిడ నన్ను చూసి, “ఏం అమ్మాయ్, వజ్రాలు ఏరటానికొచ్చావా?” అని నవ్వింది. ఆమె నవ్వులో వెటకారం ఉంది, చరిత్ర కూడా ఉంది.

1600లలో ఇక్కడికి జీన్ బాప్టిస్ట్ టావెర్నియర్ అనే ఫ్రెంచి వర్తకుడు వచ్చాడు. రత్నాల వ్యాపారం కోసం తూర్పు దేశాలకు ఆరుసార్లు ప్రయాణం చేసి, ఆ ముచ్చట్లన్నీ 1676లో పుస్తకంగా వేశాడు. కొల్లూరు గనిలో మగవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు కలిపి 60,000 మంది పనిచేసేవాళ్ళని రాశాడు. అంతకు వందేళ్ళ ముందు ఓ పేదవాడు చిరుధాన్యం విత్తుకుందామని నేల తవ్వుతుంటే పాతిక క్యారెట్ల రాయి దొరికిందట. గని అలా మొదలైందని ఆయన విన్న కథ.

పని ఎలా జరిగేదో కూడా వివరంగా చెప్పాడు. మగవాళ్ళు పది, పన్నెండు, పద్నాలుగు అడుగుల లోతు దాకా తవ్వేవాళ్ళు. ఆడవాళ్ళు, పిల్లలు ఆ మట్టిని మోసేవాళ్ళు. చుట్టూ చిన్న గోడ కట్టిన జాగాలో మట్టి పోసి, నీళ్ళు పెట్టి, ఒకటి రెండు రోజులు నాననిచ్చి, బురద నీళ్ళు వదిలేసి, మిగిలింది ఎండబెట్టేవాళ్ళు. తర్వాత ధాన్యం చెరిగినట్టు చేటల్లాంటి బుట్టలతో చెరిగి, గడ్డలు పగలగొట్టి, చేత్తో వెతికేవాళ్ళు. చదువుతుంటే నాకు మన కల్లాలే గుర్తొచ్చాయి. తవ్వడం, మోయడం, ఎండబెట్టడం, చెరగడం, ఏరడం. పల్నాటి చేతులకి ఆ పనులన్నీ ముందే తెలుసు.

మరి కూలి? టావెర్నియర్ చూసిన ఇంకో గని రావులకొండ దగ్గర, పని బాగా తెలిసినవాడికి కూడా ఏడాదికి మూడు వరహాలే ఇచ్చేవాళ్ళని రాశాడు.

1720లలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రమంటే దాదాపుగా ఇండియానే. కోహినూర్ కూడా కొల్లూరుదేనన్న మాట బలంగా ఉంది. కానీ పేరు మాత్రం గోల్కొండకి దక్కింది. గోల్కొండలో గని లేదు. అక్కడున్నది రాజధాని, బజారు. సరుకు మనది, బోర్డు వాళ్ళది. ఈ రోజుకీ పెద్ద వేలం కంపెనీలు నీళ్ళలా స్వచ్ఛంగా ఉన్న వజ్రాన్ని ‘గోల్కొండ’ అనే పిలుస్తాయి. ‘కొల్లూరు’ అని ఎవరూ అనరు.

రాజు మెడలో, దొంగ చేతిలో

టావెర్నియర్ కొన్న నీలి రాయి 110 క్యారెట్లు దాటి ఉండేది. ఫ్రాన్స్ వెళ్ళాక 1668లో దాన్ని 14వ లూయీకి అమ్మాడు. 1673లో ఆస్థాన నగల పనివాడు పిటో దాన్ని మళ్ళీ సానబట్టాడు. బరువు 69 క్యారెట్లకి తగ్గింది, మెరుపు పెరిగింది. ‘ఫ్రెంచ్ బ్లూ’ అన్న పేరొచ్చింది. రాజుగారు రిబ్బనుకి కట్టి వేడుకల్లో మెడలో వేసుకునేవాడు.

తర్వాత ఫ్రెంచి విప్లవం. 1792 సెప్టెంబరులో రాజుగారి నగల ఖజానాని దొంగలు కొల్లగొట్టారు. నీలి వజ్రం మాయం. ఇరవై ఏళ్ళ తర్వాత, 1812లో లండన్‌లో ఓ వ్యాపారి దగ్గర 45 క్యారెట్ల చిల్లర నీలి వజ్రం ఉన్నట్టు ఒక కాగితం మీద నమోదైంది. ఫ్రాన్స్ చట్టం ప్రకారం ఆ దొంగతనానికి గడువు తీరిపోయింది అప్పుడే. 1839లో హెన్రీ ఫిలిప్ హోప్ అనే సంపన్నుడి కేటలాగులో కనిపించింది. అప్పటినుంచి అది హోప్ డైమండ్.

శాపాన్ని అమ్మిన షాపు

ఇప్పుడు కార్టియర్ కథ. 1847లో ప్యారిస్‌లో లూయీ ఫ్రాన్స్వా కార్టియర్ తను పని నేర్చుకున్న యజమాని వర్క్‌షాపునే తీసుకుని సొంతంగా మొదలుపెట్టాడు. మూడో తరం వచ్చేసరికి ముగ్గురు అన్నదమ్ములు ప్రపంచాన్ని పంచుకున్నారు. లూయీకి ప్యారిస్, పియెర్‌కి న్యూయార్క్, జాక్‌కి లండన్.

పియెర్ వ్యాపారం చూడండి. హోప్ డైమండ్ కొని, 1910లో ప్యారిస్‌కి వచ్చిన ఎవలిన్ వాల్ష్ మెక్‌లీన్ అనే అమెరికా కోటీశ్వరురాలికి చూపించాడు. రాయి కంటే ముందు కథ చెప్పాడు. ఈ వజ్రం శాపగ్రస్తమైంది, దీన్ని తాకినవాళ్ళు బాగుపడలేదు అని. మామూలుగా అయితే పారిపోవాలి. కానీ ఆమె, ఇతరులకి కలిసిరానివి తనకి కలిసొస్తాయని నమ్మే మనిషి. నగ కట్టుబడి మాత్రం ఆమెకి నచ్చలేదు. పియెర్ కొత్తగా కట్టించి అమెరికా తీసుకెళ్ళి, “ఈ శని, ఆదివారాలు మీ దగ్గరే ఉంచుకోండి” అని ఆమె ఇంట్లో వదిలేశాడు. అంతే సంగతులు. 1911లో బేరం కుదిరింది. ‘ట్రై చేసి నచ్చితేనే కొనండి’ ఆఫర్లు ఇప్పటివి అనుకుంటున్నాం మనం.

విగ్రహం కంటినుంచి టావెర్నియర్ ఆ రాయి దొంగిలించాడనీ, కుక్కలు పీక్కుతిన్నాయనీ ఇప్పటికీ రీల్స్‌లో తిరిగే కథ ఉత్తిదే. ఆయన 80 దాటి బతికాడు. మళ్ళీ ప్రయాణంలోనే, రష్యాలో పోయాడు.

అదే 1911లో తమ్ముడు జాక్ ఢిల్లీ దర్బారు చూడటానికి ఇండియా వచ్చాడు. మన రాజులకి నగలు అమ్ముదామనుకున్నాడు. వాళ్ళేమో తాతల నాటి రాళ్ళు తెచ్చి, వీటిని ప్లాటినంలో కొత్త మోడల్‌లో కట్టివ్వమన్నారు. జాక్ మాత్రం మన చెక్కుడు పచ్చలు, కెంపులు, నీలాలు కొని పట్టుకెళ్ళాడు. ఆకులు, పువ్వులు, కాయలుగా చెక్కిన ఆ రంగురాళ్ళతో కార్టియర్ చేసిన నగల్ని తర్వాతి కాలంలో ‘టుట్టీ ఫ్రూటీ’ అన్నారు. కేకుల్లో, కిళ్ళీలో వేసే ఆ రంగు ముక్కల పేరే. ఇప్పుడవి వేలానికొస్తే కోట్లు. మూలం మాత్రం మన దేశపు రాళ్ళపెట్టె.

మన హైదరాబాదుకీ ఈ షాపుతో చుట్టరికం ఉంది. 1947లో బ్రిటన్ యువరాణి ఎలిజబెత్ పెళ్ళికి, లండన్ కార్టియర్‌లో ఆమెకి నచ్చింది తీసుకోమని నిజాం కబురుపెట్టాడు. ఆమె ఎంచుకున్న హారాన్ని ఈ రోజుకీ ‘నిజాం ఆఫ్ హైదరాబాద్ నెక్లెస్’ అనే అంటారు. కోడలి తరం దాటి మనవడి భార్య కేట్ దాకా వచ్చింది. ఇచ్చినవాడి పేరు నగతోపాటే నడిచింది.

ఇంకో ముక్క. 1917లో పియెర్ కార్టియర్ న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో భవనం సంపాదించింది రెండు పేటల సహజ ముత్యాల హారం ఇచ్చి, పైన 100 డాలర్లు కలిపి. హారం విలువ అప్పట్లో పది లక్షల డాలర్లు. తర్వాత జపాన్ పెంపకపు ముత్యాలొచ్చి రేటు కుప్పకూలింది. 1957లో అదే హారం సుమారు లక్షన్నర డాలర్లకి అమ్ముడుపోయింది. మిర్చి యార్డులో రేట్లు చూసినవాళ్ళకి ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఒక సీసం ముక్క చేసిన సాక్ష్యం

హోప్ డైమండే పోయిన ఫ్రెంచ్ బ్లూ అని ఎలా తేలింది? చాలాకాలం అది అనుమానమే. 2005లో పాత బొమ్మల ఆధారంగా కంప్యూటర్ మోడల్ చేసి, ఈ రాయి దాన్లోంచి కోసిందేనని స్మిత్సోనియన్ వాళ్ళు చూపించారు. 2007లో ప్యారిస్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఓ డ్రాయరులో ఫ్రెంచ్ బ్లూ సీసం అచ్చు దొరికింది. దాని చీటీ మీద లండన్ హోప్ గారి పేరుంది. ఎప్పుడో ఎవరో పోసి పక్కన పెట్టిన సీసం ముక్క ఆ అనుమానాన్ని తీర్చింది.

దీనికి రివర్స్‌లో ఇంకో కథ. విటెల్స్‌బాహ్ అనే మరో నీలి వజ్రం ఉంది. అదీ కొల్లూరు సరుకేనంటారు. 2008 డిసెంబరులో లండన్ వేలంలో లారెన్స్ గ్రాఫ్ అనే నగల వ్యాపారి దాన్ని 1.64 కోట్ల పౌండ్లకి కొన్నాడు. తర్వాత గీతలు, పెచ్చులు పోవాలని మళ్ళీ సానబట్టించాడు. 35.56 క్యారెట్లు 31.06 అయ్యాయి. రంగు, మెరుపు పెరిగాయి. కానీ మూడు వందల ఏళ్ళనాటి పనితనం చెరిపేశాడని చాలామంది మండిపడ్డారు. రాయి బాగుపడిందా, చరిత్ర పాడైందా అన్న గొడవ ఇంకా తెగలేదు.

ఆ గొడవ మనింట్లో కూడా ఉంది. పేరే వేరు. మనం దాన్ని ‘చెరిపి చేయించడం’ అంటాం.

పత్తి నేలలో పాత బంగారం ఎందుకు మిగల్లేదు?

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో నగని నగ అనరు. ‘వస్తువు’ అంటారు. “వస్తువులు బ్యాంకులో ఉన్నాయి” అంటే ఆ ఇంట్లో పంట వేశారని అర్థం. జూన్, జులైలో పత్తి గింజలకీ, తర్వాత మిరప నారుకీ, మందులకీ, కౌలుకీ డబ్బు కావాలి. చేతి గాజులు, గొలుసు తాకట్టుకి వెళ్తాయి. ఫిబ్రవరి, మార్చిలో కాయలు యార్డుకి చేరి రేటు బాగుంటే ఇంటికొస్తాయి. లేకపోతే ‘వచ్చే ఏడు చూద్దాం’. కొన్ని ఇక రావు.

1987 ప్రాంతంలో తెల్లదోమ పత్తిని ఊడ్చేసిన సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. ఈ రెండు జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్న రోజులవి. మాది చిలకలూరిపేట పక్క పల్లె. మా నాయనమ్మ కాసుల పేరు ఆ అప్పుల్లోనే పోయింది. ఎవరూ దాన్ని తప్పనలేదు. బంగారం ఉన్నది అందుకే. ఆ కాసులు పోయాయి కాబట్టే ఎకరంన్నర చేను మిగిలింది, ఆ చేనుతోనే మా నాన్న చదువు సాగింది. కాబట్టి ‘పాత నగలు కరిగించకండి, దాచుకోండి’ అని సుద్దులు చెప్పే హక్కు నాకు లేదు. మన నేలలో బంగారం అద్దాల పెట్టెలో తిరగడానికి పుట్టలేదు.

అయితే అవసరానికి పోయింది కొంత, మోజుకి పోయింది కొంత. కంటె, పట్టెడ, నాను, అరవంకీలు, జడబిళ్ళ, రాగిడి, అడ్డబాస, గుత్తపూసల హారం. ఈ పేర్లలో ఎన్నిటికి మీ మనసులో బొమ్మ వస్తుంది? ఇప్పుడు వీటినే ‘యాంటిక్ ఫినిష్’ అని షోరూముల్లో అమ్ముతున్నారు. అంటే అమ్మమ్మ అసలు వస్తువు ఇచ్చేసి, దాని నకలుకి మజూరీ, తరుగు కట్టి తెచ్చుకుంటున్నాం. 2025లో పది గ్రాములు లక్ష రూపాయలు దాటాక బీరువాలో మిగిలిన పాత ముక్కల మీద కన్ను ఇంకా పెరిగింది.

పోయినా ఆనవాలు ఉంచుకోవచ్చని చెప్పడానికి దూరం వెళ్ళక్కర్లేదు. అమరావతి శిల్పాలు చూడండి. రెండు వేల ఏళ్ళ నాటి మన ఆడవాళ్ళ మొలనూళ్ళు, కాళ్ళ కడియాలు, చెవి కమ్మలు సున్నపురాతిలో ఉన్నాయి. ఆ బంగారం ఎన్నిసార్లు కరిగిందో! దాన్ని చూసి చెక్కిన రాయి మిగిలింది. అవి కూడా చాలావరకు చెన్నైలో, లండన్‌లో ఉన్నాయనుకోండి, అది వేరే బాధ.

మా నాయనమ్మ కాసుల పేరుకీ ఒక ఆనవాలు ఉంది. పెళ్ళయిన కొత్తలో స్టూడియోలో తీయించుకున్న బ్లాక్ అండ్ వైట్ ఫొటో. జూమ్ చేస్తే కాసుల మీద లక్ష్మీదేవి బొమ్మ తెలుస్తుంది. కనపడే కాసులు ఇరవై మూడు. మా ఇంటి సీసం అచ్చు అదే.

కరిగించే ముందు ఒక్క గంట

మీ ఇంట్లో పాత వస్తువు ఉంటే, అమ్మేది ఉన్నా, తాకట్టు పెట్టేది ఉన్నా, ఈ పనులు చేయండి.

ఫొటోలు: పగటి వెలుతురులో, తెల్ల గుడ్డ మీద పెట్టి ముందు, వెనక, కొక్కెం దగ్గర తీయండి. వెనక వైపు ముఖ్యం. పనివాడి గుర్తు, అతుకు, అరిగిన చోటు అక్కడే ఉంటాయి. పక్కన స్కేలు పెడితే సైజు తెలుస్తుంది.

బరువు: మొత్తం ఎంత, రాళ్ళు ఎన్ని, లోపల లక్క ఉందా. పాత బోలు నగల్లో లక్క నింపేవాళ్ళు. ఆ బరువు తీసేస్తారు కాబట్టి ముందే తెలిసుండాలి.

రాళ్ళు: కరిగించేటప్పుడు చాలా చోట్ల “రాళ్ళకి లెక్క లేదు” అంటారు. లెక్క లేకపోతే వెనక్కి ఇమ్మనండి. పాత కెంపు, పచ్చ, ముత్యం మీవి. విడిగా తెలిసినవాళ్ళకి చూపించండి.

స్వచ్ఛత: గీటురాయి మీద గీసి చెప్పిన మాటతో ఆగొద్దు. మామూలు మనిషి కూడా గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ సెంటర్‌కి వస్తువు తీసుకెళ్ళి పరీక్ష చేయించుకోవచ్చు. 2022లో ప్రకటించిన లెక్క ప్రకారం నాలుగు వస్తువుల దాకా 200 రూపాయలే. కొత్తది కొంటే దాని మీద ఆరు అక్షరాలు, అంకెల కోడ్ ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అది తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోండి. కుందన్, పోల్కీ, జడావు పనికి ఈ నియమం నుంచి మినహాయింపు ఉంది కాబట్టి వాటి విషయంలో బిల్లులో వివరాలన్నీ రాయించుకోవాలి.

వందేళ్ళు దాటిన వస్తువైతే ఇంకోటి గుర్తుంచుకోండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం దాన్ని మామూలుగా దేశం దాటించి అమ్మడానికి కుదరదు. అమెరికా చుట్టాల ద్వారా వేలానికి పెడదామని ఎవరైనా ఐడియా ఇస్తే ఆలోచించుకోండి.

అన్నిటికంటే తేలికైంది, అన్నిటికంటే ఎక్కువమంది వదిలేసేది చివర్లో చెప్తున్నా. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి ఇంట్లో పెద్దావిడ ముందు పెట్టండి. దీన్నేమంటారు, ఎవరు పెట్టారు, ఏ ఊరి కంసాలి చేశాడు, ఏ పంట డబ్బుతో వచ్చింది, ఎన్నిసార్లు తాకట్టుకి వెళ్ళొచ్చింది అని అడగండి. మొదట “ఇప్పుడెందుకే ఇవన్నీ” అంటుంది. పది నిమిషాలకి ఆపడం మీ వల్ల కాదు. ఆ తర్వాత వస్తువు ఉంచుకోవాలో, చేనుకి పెట్టుబడి చేసుకోవాలో మీ ఇంటి ఇష్టం.

కొల్లూరు మట్టిలో ఆ నీలి రాయిని మొదట చేతికి తీసుకున్న కూలీ ఎవరో, మగో ఆడో పిల్లో, టావెర్నియర్ రాయలేదు, గోల్కొండ వాళ్ళూ రాయలేదు. ఇప్పుడు అడుగుదామన్నా ఊరు నీళ్ళలో ఉంది. మీ బీరువాలో వస్తువు గురించి చెప్పగలిగిన మనిషి మాత్రం పక్క గదిలో సీరియల్ చూస్తూ ఉండుంటుంది. యాడ్స్ వచ్చినప్పుడు వెళ్ళి అడగండి.